బస్తా మీద ఎల్లయ్య ఫొటో

పోయిన చలికాలంలో హన్మకొండలోని ఒక హోటల్లో సదస్సు జరిగితే నన్నూ పిలిచారు. "ప్రపంచ ఆహార వ్యవస్థ: సుస్థిరత, సాంకేతికత, వ్యాపార అవకాశాలు" అని వేదిక వెనక పెద్ద అక్షరాల్లో రాసి ఉంది. నాకంటే ముందు మాట్లాడిన ఒక కుర్ర పారిశ్రామికవేత్త ఉపగ్రహ చిత్రాలూ డ్రోన్లూ చూపించి, చివరికి "ఈ దేశంలో రైతు అంటే ఇంతవరకు ఎవరూ తవ్వని డేటా గని" అన్నాడు. హాలంతా చప్పట్లు. ముందు వరసల్లో కూర్చున్న విద్యార్థులు అందరికంటే గట్టిగా కొట్టారు.

నా వంతు వచ్చింది. "గనిలో తవ్వేది రాయిని. మనిషిని తవ్వితే దాన్నేమంటారో మీరే చెప్పండి" అన్నాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కాసేపటికి నిర్వాహకుడు వచ్చి, సమయం అయిపోయిందని చెవిలో చెప్పాడు. భోజనాల దగ్గర ఒక అమ్మాయి నన్ను వెతుక్కుంటూ వచ్చి, "మేడం, మీరు టెక్నాలజీకి వ్యతిరేకమా?" అని అడిగింది.

నా బతుకంతా ప్రయోగశాలలో గడిచింది. నేనెందుకు వ్యతిరేకినవుతాను? కానీ ప్లేటు చేత్తో పట్టుకుని, ఆ గోలలో ఆ అమ్మాయికి ఏం చెప్పగలను? నవ్వి ఊరుకున్నాను. ఇంటికొచ్చాక ఆ నవ్వు మీదే కోపమొచ్చింది. ఆ కోపంతోనే ఇది రాస్తున్నాను. ఆ హాల్లో చప్పట్లు కొట్టినవాళ్లలో చాలామంది రేపో మాపో ఈ రంగంలోనే ఉద్యోగాల్లో చేరతారు. వాళ్లు చదివితే చాలు.

వద్దు అనే ఉద్యోగం

నా పేరు రజియా బేగం. మాది కాశిబుగ్గ. మా అబ్బాజాన్ మగ్గాలకు పోయే నూలుకు రంగులు అద్దేవాడు. రసాయనశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి, వరంగల్‌లో మిరపకాయలు కొని, కారం పట్టి, విదేశాలకు పంపే ఒక కంపెనీలో నాణ్యత విభాగంలో చేరాను. చివరికి ఆ విభాగానికి అధిపతిగా బయటికొచ్చాను. మధ్యలో ఎన్ని మెట్లెక్కానో చెప్పడం దండగ.

నాణ్యత విభాగంలో పని ఏమిటంటే, వద్దు అని చెప్పడం. మిగతా కంపెనీ అంతా "పోనియ్, పోనియ్" అంటుంది. మనమొక్కరం ఆగమంటాం. మిగతాదంతా నేర్చుకోవచ్చు. ఆ ఒక్క మాట నోటికి రాకపోతే ఈ ఉద్యోగానికి రావద్దు.

నేను చేరిన కొత్తలో యజమాని విశ్వనాథం గారు. హన్మకొండ బజారులో పేరున్న వర్తకుల కుటుంబం. ఒకసారి మిల్లు నుంచి వచ్చిన కారంపొడి చూడగానే నాకు అనుమానమొచ్చింది. చేతికి అంటిన ఎరుపు సబ్బుతో కడిగినా పోలేదు. అట్లాంటి ఎరుపును నేను చిన్నప్పుడు మా ఇంట్లో, అబ్బాజాన్ గోళ్లలో చూశాను. పరీక్ష చేస్తే అదే తేలింది. కాయ నాసిరకం కావడంతో మిల్లు మేనేజరు బట్టలకు అద్దే రంగు కలిపించాడు. సరుకు ఆపేశాను. విశ్వనాథం గారు నన్ను పిలిపించారు.

"ఏం రజియమ్మా, గిది నా మిల్లా, నీ మిల్లా?"

"మిల్లు మీదే సేఠ్. కానీ గా కారం తినేది మీరు గాదు, నేను గాదు. ఎవలో పొల్లగాండ్లు తింటరు."

ఆయన ముఖం కందగడ్డలా అయింది. చాలాసేపు తిట్టారు. నా కులం మతం తప్ప అన్నీ వచ్చాయి ఆ తిట్లలో. నేను నిలబడే ఉన్నాను. తిట్టడం అయిపోయాక మంచినీళ్లు తాగి, మేనేజరును పిలిచి, ఆ సరుకంతా గోతిలో పోయించమన్నారు. తర్వాత ఆయన ఎప్పుడూ నా మాట తోసెయ్యలేదు.

విశ్వనాథం గారిని దేవుణ్ణి చెయ్యడానికి ఇది చెప్పడం లేదు. కాంటా దగ్గర ఆయన మనుషుల చేతివాటం నాకు తెలుసు. రంగు పోయి తెల్లబడిన తాలుకాయ ఎక్కువుందని ధర కోసెయ్యడమూ చూశాను. కానీ ఆయన అన్యాయానికి ఒక ముఖం ఉండేది. రైతు మార్కెట్లో ఆయన ఎదురుగా నిలబడి "ఏం సేఠ్, గింత అన్యాలమా?" అని అరవగలిగేవాడు. ఒక్కోసారి ఆ అరుపుకు ధర పెరిగేది కూడా. తర్వాత వచ్చిన అన్యాయానికి ముఖం లేదు. అది ఫోన్‌లో ఎర్రగా వెలుగుతుంది, అంతే. దాని మీద ఎవరు అరుస్తారు?

తెరలు వచ్చాయి

విశ్వనాథం గారికి పక్షవాతం వచ్చి మంచం పట్టాక, బెంగళూరులో చదువుకుని అక్కడే కొన్నాళ్లు పనిచేసిన కొడుకు ప్రణీత్ వచ్చి కంపెనీ చేతిలోకి తీసుకున్నాడు. చిన్నప్పుడు మిల్లులో ఆడుకుంటుంటే నేను చూసినవాడే, నన్ను "రజియా ఆంటీ" అనేవాడు. తెలివైనవాడు, మాట తీరు మంచిది. వచ్చిన కొద్ది రోజులకే కంపెనీ పేరు మారింది, గోడల రంగులు మారాయి. మిరపకాయ వ్యాపారం కాస్తా "ఫుడ్ టెక్" అయింది. బయటి నుంచి పెట్టుబడి వచ్చింది.

ప్రతి రైతు బస్తాకూ ఒక క్యూఆర్ కోడ్ కుట్టాలన్నది ప్రణీత్ ఆలోచన. యూరప్‌లో కొనేవాళ్లు ఫోన్‌తో ఆ కోడ్ చూస్తే ఈ కాయ ఏ ఊరిది, ఏ చేనులోది, ఎవరు పండించారు అన్నీ కనిపిస్తాయి. నేను మంచి ఆలోచనే అన్నాను. ఇప్పటికీ అంటాను. తిండి ఎక్కణ్నుంచి వచ్చిందో తెలిసి తీరాలి.

మొదటి విడతలో ఎంపిక చేసిన రైతుల్లో ఎల్లయ్య ఒకడు. రఘునాథపల్లి అవతల ఊరు. సొంత చేను కొంచెం, కౌలుకు తీసుకున్నది దానికంటే ఎక్కువ. చపాటా మిరప వేసేవాడు. మన దగ్గర పండే రకం అది, టమాటాలాగా గుండ్రంగా, మందపాటి తోలుతో ఉంటుంది. ఘాటు తక్కువ, రంగు మాత్రం చూడాలి! ఆ రంగు కోసమే విదేశాల వాళ్లు అడుగుతారు. తోలు మందం కాబట్టి ఎండడానికి ఎక్కువ రోజులు పడుతుంది. ఎల్లయ్య, భార్య సారమ్మ పట్టాల మీద పలచగా పరిచి, మంచు పడకముందే కప్పి, పొద్దెక్కాక విప్పి, తిరగేస్తూ ఎండబెట్టేవాళ్లు. వాళ్ల కాయ చేతిలోకి తీసుకుని ఊపితే లోపల గింజలు గలగలమనేవి.

ఫొటో తియ్యడానికి పట్నం నుంచి మనిషి వచ్చాడు. ఎల్లయ్యకు తలపాగా లేదంటే ఎక్కణ్నుంచో ఒకటి తెచ్చి చుట్టారు. నవ్వమంటే బిగుసుకుపోయాడు.

"నవ్వుమన్నప్పుడు నవ్వడు, నవ్వద్దన్నప్పుడే పండ్లికిలిస్తడు. ఎప్పటికి గిట్లనే అక్కా!" అని సారమ్మ నాతో అంటే, ఆ మాటకు ఎల్లయ్య పగలబడి నవ్వాడు. ఆ నవ్వే దొరికింది కెమెరాకు. ఫొటో కింద ఇంగ్లీషులో, మీ ఆహారాన్ని పండించిన మనిషిని కలవండి అని రాశారు.

ఆ రోజుల్లోనే నేను ప్రణీత్‌ను ఒకటి అడిగాను. ఊరికో సోలార్ డ్రయ్యర్ పెట్టిద్దామని. మిరపకాయకు శత్రువు తేమ. అకాల వర్షం ఒక్కటి పడితే కల్లంలో కాయకు బూజు పడుతుంది. ఆ బూజులోంచి అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. అది కాలేయాన్ని తినేస్తుంది, కడిగితే పోదు, వేయిస్తే పోదు. ఈ రంగంలో మనం చెయ్యగలిగిన అతి పెద్ద మేలు, ఆ బూజు పుట్టకుండా చూడటం.

"ఆంటీ, డ్రయ్యర్లు మంచివే. కానీ గది స్కేల్ కాదు" అన్నాడు. "ఇనుప డబ్బాలకు ఏ ఇన్వెస్టరూ పైసలు పెట్టడు. ప్లాట్‌ఫామ్‌కు పెడతరు."

"ప్లాట్‌ఫామ్ మీద కాయ ఎండదు బాబూ."

అతను నవ్వాడు. పెద్దావిడ చాదస్తం అనుకున్నట్టున్నాడు. డ్రయ్యర్లు రాలేదు. గోదాములో తేమ కొలిచే సెన్సర్లు మాత్రం వచ్చాయి. ఆఫీసులో గోడంత తెర పెట్టారు, గోదాము బాగుంటే పచ్చగా వెలుగుతుంది. ఇంత తెర ఉండగా నా విభాగం వాళ్లు గోదాముకు పోయి చూడటం దేనికన్నారు. గోదాము నా చేతిలోంచి తీసి ఆపరేషన్స్ వాళ్లకిచ్చారు. సరుకు ఓడకెక్కే ముందు చేసే పరీక్షకు శాంపిల్ కూడా వాళ్లే తీసి పంపడం మొదలైంది. ఇది పద్ధతి కాదని ప్రతి సమావేశంలో చెప్పాను. ప్రతిసారీ తెర వైపు చూపించారు.

వాపసు వచ్చిన సరుకు

ఆ ఏడాది యూరప్‌కు పంపిన కంటెయినర్ ఒకటి అక్కడి రేవులో ఆగిపోయింది. కాయలో అఫ్లాటాక్సిన్ హద్దు దాటిందని తిప్పి పంపేశారు. వాళ్లు పరీక్షకు చెయ్యి పెట్టిన బస్తా మీద ఎల్లయ్య కోడ్ ఉంది.

అంతే. అన్ని బస్తాల్లో వాళ్ల చేతికి తగిలిన బస్తా ఎల్లయ్యది కావడమే ఎల్లయ్య చేసిన నేరం. పక్క బస్తా తీస్తే ఇంకెవరి ఫొటోనో వచ్చేది.

నేను రిపోర్టు పూర్తిగా చదవకముందే యాప్‌లో ఎల్లయ్య పేరు పక్కన ఎర్ర గుర్తు పడింది. "అధిక ప్రమాదం" అని. ఆ యాప్ ఊరి రైతులందరి ఫోన్లలో ఉంది. పైగా ఒక రైతుకు ఎర్ర గుర్తు పడితే ఊరి మొత్తం రేటింగ్, దాంతోపాటు ధర తగ్గేలా దాన్ని తయారు చేశారు. అందరూ ఒకరినొకరు సరిదిద్దుకుంటారని ప్రణీత్ బృందం దానికి ఏదో అందమైన పేరు కూడా పెట్టింది. ఊళ్లో ఏం జరిగిందో సారమ్మ ఫోన్ చేసి చెప్పింది.

"అక్కా, మా సమ్మయ్య బావ గూడ మాట్లాడుతలేడు. నీ వల్లనే మా ధర పడిపోయిందని తిట్టిపోయిండు. దినాం పొద్దుగాల చాయ్‌కు వచ్చేటోడు, ఇప్పుడు తలుపు ముంగట్నుంచే పోతాండు, మొకం జూస్తలేడు. కౌలు ఇచ్చిన పటేల్ భూమి ఖాళీ చెయ్యుమన్నడు. మేమేం జేసినం అక్కా? నీకు తెల్వదా మా కాయ?"

నాకు తెలుసు. కానీ ఈ వృత్తిలో తెలుసు అంటే సరిపోదు, చూపించాలి.

గోదాములో తడి

కొనుగోలు రోజునే ప్రతి రైతు సరుకులోంచి కొంత కాయ తీసి, రైతు ముందే సీలు వేసి, మా చల్లని గదిలో దాచే పద్ధతి నేను చాలా ఏళ్ల కింద పెట్టించాను. ఖర్చు దండగని ప్రణీత్ బృందం దాన్ని ఎత్తెయ్యబోతే పోట్లాడి ఉంచాను. ఎల్లయ్య ప్యాకెట్ తీసి పరీక్ష చేయించాను. శుభ్రంగా ఉంది. బూజు ఒక చోట ఉండి ఒక చోట లేకపోవచ్చు కాబట్టి, ఒక్క ప్యాకెట్‌తో ఏదీ తేలదు. ఆ కంటెయినర్‌లో సరుకు పోయిన రైతులందరి ప్యాకెట్లూ తీయించాను. అన్నీ శుభ్రంగానే ఉన్నాయి. అంటే కాయ మా చేతికి వచ్చినప్పుడు బాగుంది, మా చేతి నుంచి పోయినప్పుడు చెడిపోయింది.

ఎవరికీ చెప్పకుండా గోదాముకు పోయాను. లోపలికి అడుగు పెట్టగానే వాసన కొట్టింది. ఎండు మిరప వాసన ముక్కులో గుచ్చుకుంటుంది. ఇక్కడ ఆ గుచ్చుకోవడం లేదు, తడి గోనె వాసన. సెన్సర్ తలుపు పక్కన, ఫ్యాను కింద వేలాడుతోంది. చూడటానికి వచ్చిన పెద్దవాళ్లకు బాగా కనిపించే చోటు అది. నేను వెనక గోడ దాకా నడిచాను. అక్కడ రైతుల పేర్లతో వేరువేరుగా పోసిన కాయల కుప్పల మీద చెయ్యి పెడితే వేళ్లకు చెమ్మ తగిలింది. ఒక కాయ తీసి వంచాను. విరగలేదు, తోలు ముక్కలా వంగింది. పక్కన నల్లా పైపు పడి ఉంది.

తొడిమెలు తీస్తున్న ఆడవాళ్లలో లక్ష్మి అనే ఆవిడ నాకు పాత పరిచయం. "గీ పైపేంది లచ్చమ్మా?" అన్నాను.

"నీళ్లు కొట్టెతందుకు మేడం. పొడి కాయ ఇరిగిపోతాందట. ఇరిగిన కాయ ఫారిన్ దుకాన్ల డబ్బాల మంచిగ కనపడదని, దినాం కొట్టుమన్నరు."

"ఎవలన్నరు?"

"ప్రణీత్ సారే వచ్చి చెప్పిండు గదా. మీకు తెల్వదా?"

విశ్వనాథం గారి హయాంలో ఆ గోదాములోకి నీళ్ల బకెట్ రానిచ్చేవాళ్లం కాదు. మెరిసే కాయ ఫొటోలో బాగుంటుందని, డబ్బాలో విరగకుండా ఉంటుందని, కొడుకు పైపు పెట్టించాడు. ఆఫీసు తెర మీద గోదాము పచ్చగా ఉంది. వెనక గోడ దగ్గర కాయ ముచ్చికల మీద బూజు కూడా పచ్చగానే ఉంది.

వంగిన ఆ కాయను సంచిలో వేసుకుని బయటికి నడిచాను.

అందరూ ఉన్న గదిలో

శాంపిళ్ల ఫలితాలు, గోదాము వెనక నుంచి తెచ్చిన కాయ రెండూ ప్రణీత్ బల్ల మీద పెట్టాను. అతను కాయను ముట్టుకోలేదు. తలుపు వేసి వచ్చి, గొంతు తగ్గించి మాట్లాడాడు.

"ఆంటీ, జర అర్థం చేసుకోండి. కొత్త ఫండింగ్ సంతకాల దాకా వచ్చింది. గోదాం ప్రాబ్లం అని రాస్తే అందరు ఆగిపోతరు. రైతు ప్రాబ్లం అని రాస్తే ఎవలూ ఏమనరు, ఇండియాల గట్లనే ఉంటది అనుకుంటరు."

"మరి ఎల్లయ్య?"

"ఆయనకు తర్వాత ఏదన్న చేద్దాం. ఫికర్ చెయ్యకండి."

ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను విన్న మాటలన్నిట్లో అంత నీచమైన మాట ఇంకోటి లేదు. అరిచి అన్నదీ కాదు, తాగి అన్నదీ కాదు. మర్యాదగా, ఆంటీ అని పిలుస్తూ అన్నాడు. రైతు ప్రాబ్లం అంటే ఎవరూ ఏమనరు! నిజమే, అనరు. ఈ గొప్ప వ్యవస్థంతా నిలబడింది ఆ ధీమా మీదే.

రెండు రోజుల తర్వాత కొనుగోలుదారులతో వీడియో కాల్. అవతల వాళ్ల నాణ్యత అధికారిణి, నా వయసు మనిషే. ఇవతల ప్రణీత్, అతని బృందం, నేను. ప్రణీత్ స్లైడ్లు చూపించాడు. తప్పు జరిగింది రైతు స్థాయిలో, ఎండబెట్టడంలో. దిద్దుబాటు: ఆ రైతును తొలగించాం. అంతా ఇంగ్లీషులో, ఎంతో అందంగా. చివరికి "మా నాణ్యత అధిపతి దీన్ని ధ్రువీకరిస్తారు" అని నా వైపు తిరిగాడు. నేను ఊరుకుంటాననే అనుకున్నాడు. రిటైర్మెంట్ దగ్గరపడ్డ మనిషి ఎందుకు గొడవ పెట్టుకుంటుందని అతని లెక్క.

"ధ్రువీకరించను" అన్నాను. "రైతుల దగ్గర కొన్న రోజు దాచిన శాంపిళ్లన్నీ శుభ్రంగా ఉన్నాయి. సరుకు చెడిపోయింది మా గోదాములో. మేమే కాయ మీద..."

ప్రణీత్ చెయ్యి చాచి మైకు ఆపేశాడు. తెర మీద ఆవిడ, మీ మాట వినపడటం లేదంటోంది. గదిలో ఉన్న అతని బృందం కుర్రవాళ్లందరికీ విషయం తెలుసు. అందరూ తమ ఫోన్ల వంక చూసుకుంటున్నారు. నేను లేచి వెళ్లి, ప్రణీత్ భుజం పక్క నుంచి చెయ్యి పోనిచ్చి మైకు నొక్కాను.

"మేమే కాయ మీద నీళ్లు కొట్టాం" అన్నాను. "ఫలితాలు మీకు ఇప్పుడే పంపుతున్నాను. ఎల్లయ్య అనే ఆ రైతు తప్పేమీ లేదు."

ఆవిడ ఏదో రాసుకుంది. తర్వాత, థాంక్యూ రజియా అంది.

మర్నాటి నుంచి నన్ను ఇంట్లోనే ఉండమన్నారు. మిగిలిన నెలలు అట్లాగే గడిచి, రిటైరయ్యాను. వీడ్కోలు సభ జరగలేదు. విశ్వనాథం గారు మాత్రం మాట పడిపోయినా మనిషిని పంపి నన్ను పిలిపించుకున్నారు. మంచం పక్కన కూర్చున్నాను. కుడి చెయ్యి లేవదు. ఎడమ చేత్తో నా చెయ్యి పట్టుకుని, చాలాసేపు వదల్లేదు.

అవకాశాల గురించి

కొత్తగా వచ్చేవాళ్లు నన్ను అడిగేది ఎక్కువగా ఇదే: ఈ రంగంలో అవకాశాలు ఎక్కడున్నాయని. ఉన్నాయి. బోలెడు ఉన్నాయి. కల్లంలో కాయ ఎండక రైతు ఏడుస్తున్నాడు. ఊళ్లో పదిమంది కలిసి వాడుకునే డ్రయ్యర్ తయారు చేసి, చెడిపోతే మర్నాడే వచ్చి బాగుచేసి పెట్టే కంపెనీ పెట్టండి, మీ ఇంటి ముందు వరస కడతారు. తేమ, బూజు, పురుగుమందుల అవశేషాలు మార్కెట్‌కు రాకముందే రైతు తన కళ్ల ముందు చూసుకోగలిగే చవకైన పరీక్ష తీసుకురండి. చపాటాలాంటి మన విత్తనం ఎక్కడ పండినా రంగు చెడకుండా చూడండి. ధర్మసాగర్ వైపు ఆడవాళ్ల సంఘం ఒకటి ఇప్పుడు ఒక డ్రయ్యర్ నడుపుతోంది. వారానికోసారి పోయి వాళ్ల కాయ పరీక్ష చేసి వస్తుంటాను. వాళ్లకు లాభం వస్తోంది, ఎవరి దయా అక్కర్లేకుండా.

కానీ మీకు నేర్పుతున్నది ఇది కాదు. రైతును చూసే కళ్లు మాత్రం వంద రకాలుగా తయారు చేయిస్తున్నారు మీతో. ఉపగ్రహం నుంచి చూస్తారు, డ్రోన్ నుంచి చూస్తారు, ఫోన్ లోంచి చూస్తారు. కంపెనీని చూసే కన్ను ఒక్కటైనా తయారు చేశారా? రైతు చేను నుంచి బస్తా దాకా ప్రతి అడుగూ తెలుస్తుంది. మా గేటు దాటాక చీకటి. మేం తయారు చేసిన జాడ తీసే యంత్రం సరిగ్గా మా గుమ్మం దగ్గర గుడ్డిదైపోయేది. అది పొరపాటు కాదు. అట్లా ఉండాలనే అట్లా చేశారు.

మీరు ఏ యంత్రమైనా తయారు చెయ్యండి. మీ తప్పు కూడా అందులో కనపడాలి. అది కుదరదన్న చోట పనిచెయ్యకండి. చేస్తే, కనీసం గొప్పలు చెప్పకండి.

కెమెరా వచ్చిన రోజు

నేను ఇంట్లో ఉన్న ఆ నెలల్లోనే యాప్ నుంచి ఎల్లయ్య పేరు పక్కన ఎర్ర గుర్తు తీసేశారు. చప్పుడు లేకుండా తీసేశారు. వేసినప్పుడు ఊరందరి ఫోన్లూ మోగాయి, తీసినప్పుడు ఒక్కటీ మోగలేదు. కౌలు భూమి అప్పటికే ఇంకొకరికి పోయింది. ఎల్లయ్య ఉన్న కొద్దిపాటి చేనులో పత్తి వేశాడు. ఊళ్లో చాలామందికి ఎల్లయ్య ఇంకా ఊరి పేరు చెడగొట్టిన మనిషే.

ఒకరోజు సారమ్మ ఫోన్ చేసింది. "అక్కా, మీ కంపెనీ సారు మా ఇంటికస్తాండట. కెమెరోళ్లు గూడ అస్తాన్రట. నువ్వు గూడ రా జర. ఈయన ఏమంటడో నాకు భయమైతాంది."

పోయాను. నన్ను చూసి ప్రణీత్ కొంచెం తడబడి, నమస్తే ఆంటీ అన్నాడు. సంగతి ఏమిటంటే, రైతుకు జరిగిన అన్యాయం ఎట్లా సరిచేశారో చూపించమని కొనుగోలుదారులు పట్టుబట్టారు. అందుకని వీడియో తియ్యడానికి వచ్చారు. ప్రణీత్ ఎల్లయ్యకు శాలువా కప్పాలి, క్షమాపణ చెప్పాలి, ఇద్దరూ చేతులు కలపాలి. ఇరుగు పొరుగు అంతా మూగారు. సమ్మయ్య కూడా వచ్చి, వాకిలి బయట గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

ఎల్లయ్య నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. కెమెరా మనిషి వచ్చి ఆయన చొక్కాకు చిన్న మైకు పెట్టాడు. ఎల్లయ్య దాన్ని నెమ్మదిగా తీసి మంచం మీద పెట్టాడు.

"సారూ, నువ్వు చెప్పేది నాకా, గా కెమెరకా?"

"మీకే ఎల్లయ్య గారూ."

"నాకే అయితె గది బంద్ చెయ్యుమను. బంద్ చేసినంక, గీళ్లందరి ముంగట చెప్పు. కాయ మీ గోదాంల కరాబైంది, ఎల్లయ్య కరాబ్ చెయ్యలే అని. గంతే. నాకు శాల్వ వద్దు, ఏం వద్దు."

ప్రణీత్ కెమెరా మనిషి వైపు చూశాడు. అతను కెమెరా కిందికి దించాడు. ప్రణీత్ చేతిలో శాలువా అట్లాగే ఉంది.

"అంటే... అప్పుడు మా ప్రాసెస్‌లో చిన్న గ్యాప్ వచ్చింది. దానివల్ల..."

"ప్రాసెస్ గాదు సారూ. కాయ ఎవలు కరాబ్ చేసిండ్రు?"

ప్రణీత్ చుట్టూ చూశాడు. నా వైపు కూడా చూశాడు. నేను కళ్లు తిప్పుకోలేదు. ఒక్క మాట. నీళ్లు కొట్టింది మేమే అన్న ఒక్క మాట. అది చెప్తే అతని ఆస్తి తరిగేది కాదు, కంపెనీ కూలేది కాదు. నోరు తెరిచాడు కూడా. అంతలో ఫోన్ తీసి, "ఒక్క నిమిషం, అర్జెంట్ కాల్" అన్నాడు. శాలువా మంచం మీద పెట్టి కారు వైపు నడిచాడు. కెమెరా మనిషి సామాన్లు సర్దుకుని వెనకాలే పోయాడు. కారు స్టార్టయింది.

సమ్మయ్య గోడ దగ్గర్నుంచి కదిలాడు. తిన్నగా వాకిట్లోకి వచ్చి, మంచం మీది శాలువా తీసుకుని, వెనక్కి తిరుగుతున్న కారు దగ్గరికి పెద్ద పెద్ద అంగలు వేస్తూ పోయాడు.

"ఓ సారూ! గిది నీది, తీస్కపో!" అని కిటికీలోంచి లోపలికి విసిరేశాడు.

కారు పోయింది. సమ్మయ్య తిరిగొచ్చి మంచం ముందు నిలబడ్డాడు. ఎల్లయ్య ఆయన ముఖం వంక చూడలేదు. కాసేపటికి కొంచెం పక్కకు జరిగి, మంచం మీద చోటిచ్చాడు.